‘ఎక్కుతది సార్’

మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి హన్మకొండ వచ్చిన ప్రతిసారీ, ఇంట్లోకి అడుగు పెట్టకముందే మా స్విఫ్ట్ చుట్టూ ఒక రౌండు వేస్తాడు. "బావా, బండి మంచిగనే ఉంది గానీ కాళ్లే కోడికాళ్ల లెక్క ఉన్నయ్" అంటాడు. వాడన్నదాంట్లో అబద్ధం లేదు. కింది వేరియంటు బండి. సన్నటి 14 అంగుళాల ఇనుప చక్రాలు, వాటి మీద ప్లాస్టిక్ క్యాపులు. అందులో ఒకటి హుజూరాబాద్ రోడ్డులో ఎక్కడో రాలిపోయింది. మూడు క్యాపులతోనే ఏడాది తిరిగాను. వాడు తప్ప ఇంకెవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

2023 చివర్లో పాత టైర్లు అయిపోయాయి. టైరు గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. పైరబ్బరు అరిగి వాటితో సమానమైతే ఇక ఆ టైరుకు దండం పెట్టాల్సిందే. నావి అప్పటికే సమానమై నున్నగా మెరుస్తున్నాయి. సరే, ఎలాగూ మారుస్తున్నాం కదా అనుకున్నాను. మా ఇంట్లో పెద్ద ఖర్చులన్నీ ఈ ‘ఎలాగూ’తోనే మొదలవుతాయి.

ఊళ్లో ఒక షాపుకు వెళ్లాను. గోడ నిండా అల్యూమినియం మిశ్రమపు చక్రాలు, అవే అలాయ్‌లు, నగల దుకాణంలో హారాల్లాగా లైట్ల కింద వేలాడుతున్నాయి. నల్లరంగు మీద వెండిగీతలున్న 16 అంగుళాల జత ఒకటి కంటికి ఆనింది. అడగ్గానే కుర్రవాడు బండికి జాకీ పెట్టాడు, నా ఇనుప చక్రం విప్పాడు, కొత్తది తగిలించి చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. అది గాల్లో గిర్రున తిరిగింది. "ఎక్కుతది సార్. చూడుండ్రి, ఎక్కింది. ఏం పరేషాన్ లేదు" అన్నాడు. 7 అంగుళాల వెడల్పు రిమ్ములు, 205/55 ఆర్16 టైర్లు. డబ్బు కట్టేశాను.

నా గొడవంతా ఆ ‘ఎక్కింది’ అన్న మాటతోనే. ఉంగరం వేలికి ఎక్కొచ్చు, సబ్బు రాస్తే గానీ తిరిగి రాకపోతే దాన్ని ‘సరిపోయింది’ అనం. చక్రాల దగ్గరికొచ్చేసరికి ఈ తేడా మనకు గుర్తుండదు. నాలుగు బోల్టులు నాలుగు రంధ్రాల్లోకి పోతే సరిపోయినట్టే లెక్క. పైగా ఆ పరీక్ష జరిగింది ఎక్కడ? బండి జాకీ మీద ఉండగా. జాకీ మీద ఉన్నప్పుడు స్ప్రింగు సాగి చక్రం కిందికి వేలాడుతుంది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఎప్పుడూ లేనంత జాగా కనిపించేది అప్పుడే. లోపల మనుషులు లేరు, డిక్కీలో సామాను లేదు, స్టీరింగు తిన్నగా ఉంది. బండి జీవితంలో ఆ పరిస్థితి టైరు షాపులో తప్ప ఇంకెక్కడా రాదు.

మిగతా కథ చెప్పేముందు ఆ అంకెల సంగతి కొంత చెప్పాలి. నేను డబ్బు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను. నా పాత టైరు 165/80 ఆర్14. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం! ఈ కిచిడీలోంచి అంగుళాన్ని తీసేసి 1975లో మిషెలిన్ కంపెనీ రిమ్మును కూడా మిల్లీమీటర్లలోనే కొలిచే టైర్లు తెచ్చింది, వాటి పేరు టీఆర్ఎక్స్ (పార్టీ కాదు, చివర ఎక్స్). వాటికి వాటి రిమ్ములే కావాలి, మామూలు రిమ్ముకు పట్టవు. ఆ పద్ధతి నిలబడలేదు, మనకు కిచిడీయే మిగిలింది.

లెక్క మాత్రం ఫోన్లోని కాలిక్యులేటర్‌తో అయిపోతుంది. అంగుళాన్ని 25.4తో గుణించి, పక్కగోడను రెండుసార్లు కలిపితే టైరు మొత్తం ఎత్తు వస్తుంది. నా పాతది 619.6 మిల్లీమీటర్లు. అదే స్విఫ్ట్ పై వేరియంటుకు కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 చూడండి: 621.5. రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. రిమ్ము ఒక అంగుళం పెరిగినా మొత్తం చక్రం ఎత్తు మారలేదు. పెరిగిన అంగుళం ఎక్కడి నుంచి వచ్చింది మరి? పక్కగోడ నుంచి. 132 ఉన్న గోడ 120 అయింది. 17 అంగుళాలకు వెళ్లి 205/45 వేస్తే ఆ గోడ 92కు దిగుతుంది. షాపులో మనం పెద్ద రిమ్ము కొంటున్నాం అనుకుంటాం, నిజానికి మనకూ గుంతకూ మధ్య ఉన్న గాలిని అమ్ముకుంటున్నాం.

నేను వేయించిన 205/55 ఆర్16 ఎత్తు 631.9. అంటే పాతదాని కంటే రెండు శాతం ఎక్కువ. మొత్తం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదన్నది టైర్ల వాళ్లలో బాగా వాడుకలో ఉన్న కట్టుబాటు, కాబట్టి కాగితం మీద నేను పాసయ్యాను. నా కొలీగు ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, అదే బండికి 205/65 ఆర్15 వేయించాడు. 647.5, అంటే నాలుగున్నర శాతం ఎక్కువ. పాత టైర్లతో మీటరు కరెక్టుగా ఉండేదనుకుంటే, ఇప్పుడు అది 80 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 84లో ఉంటుంది. మామూలుగా కంపెనీలు మీటరును అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపించేలా పెడతాయి. ఈయన ఆ కొంచాన్ని టైర్లతో తినేశాడు. మైలేజీ పడిపోయిందని గోల పెడతాడు గానీ, అందులో కొంత మీటరు చెప్పే అబద్ధం. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతాం, మీటరుకు ఆ సంగతి తెలియదు, పాత లెక్కే రాసుకుంటుంది. నాకూ లీటరుకు 18 వచ్చేది 16 అయింది. ఈ అబద్ధం తీసేసినా ఒకటిన్నర పైనే నిజంగా పోయింది, బరువుకూ వెడల్పుకూ.

ఇక అసలు పంచాయతీ. 2024 ఫిబ్రవరి, మేడారం జాతర. రద్దీకి భయపడి ఒక వారం ముందే బయల్దేరాం. మా అమ్మకు మొక్కుంది, తన ఎత్తు బంగారం. మేడారం తెలియనివాళ్ల కోసం: అక్కడ బంగారం అంటే బెల్లం. అమ్మను కాంటా మీద నిలబెడితే 58 కిలోలు. బీట్ బజార్‌లో కొన్న బెల్లం బుట్టలు డిక్కీలోకి, వాటి పక్కన రెండు కోళ్లు, వంట గిన్నెలు. లోపల ఐదుగురం. అంతా కలిపి నాలుగు వందల కిలోల పైమాటే.

ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి కొబ్బరికాయ కొట్టి బయల్దేరేటప్పుడు వెనక నుంచి ‘గర్ర్’ మని ఒక చప్పుడు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు వచ్చింది, ఆగింది. కోళ్లేమో అనుకున్నాం, నిజంగానే. పస్రా దాటి లోపలి రోడ్డుకు మళ్లాక ప్రతి గుంతకూ గర్ర్, గర్ర్. తర్వాత కాలిన రబ్బరు వాసన. ఆపి దిగి చూస్తే వెనక టైరు బయటి అంచు ఒక వేలు వెడల్పున, కత్తితో చెక్కినట్టు మెరుస్తోంది. మడ్‌గార్డు లోపలి మడత అంచు మీద నల్లటి రబ్బరు పొడి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పక్కనే పంక్చర్ డబ్బా నడిపే పెద్దాయన వచ్చి వంగి చూశాడు. "తమ్మీ, నీ బండి చెప్పులు గడప దాటి బయటికొచ్చినయ్. మెల్లగ పో, బరువు దిగినంక బాగయితది" అన్నాడు.

ఆయనన్నట్టే అయింది. ఇరవైకి మించకుండా అమ్మవార్ల గద్దెల దాకా వెళ్లాం. బంగారం సమర్పించాం, కోళ్ల పని అయింది. తిరుగు ప్రయాణంలో ఒక్క చప్పుడు లేదు. సమ్మక్క తల్లి దయ అని అమ్మ దారిపొడవునా చెప్తూ వచ్చింది. నేను కాదనలేదు గానీ, నా మనసులో 58 కిలోల లెక్క తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక చక్రం విప్పి వెనకవైపు చూశాను. రిమ్ము లోపల ‘ఈటీ 35’ అని అచ్చు ఉంది. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత ఊహించుకుంటే, హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనుకునే చక్రం ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ చక్రం బండి నుంచి బయటికి వస్తుంది. నా పాత చక్రానిది 45. పది తగ్గింది కాబట్టి పది మిల్లీమీటర్లు బయటికి. దానికి తోడు టైరు వెడల్పు 165 నుంచి 205 అయింది, ఆ నలభైలో సగం అటు, సగం ఇటు. మొత్తం కలిపితే టైరు బయటి అంచు 30 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. దగ్గరదగ్గర రెండు వేళ్ల మందం. ఖాళీ బండిలో ఆ రెండు వేళ్లు అందంగా కనిపిస్తాయి, ‘స్టాన్స్’ అంటాడు మా బామ్మర్ది. డిక్కీ నిండితే బాడీ కిందికి దిగి ఆ రెండు వేళ్ల మీదే కూర్చుంటుంది.

ఆఫ్‌సెట్ గురించి షాపులో ఎవరూ ఎత్తరు. అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటారు. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. ఎన్ని అంగుళాలో, ఏ రంగో, ఎంత డిస్కౌంటో గంటసేపు మాట్లాడతారు. టైరు ఎక్కడ నిలబడుతుందో నిర్ణయించే అంకె మాత్రం రిమ్ము వెనక మట్టిలో పడి ఉంటుంది. బయటికొచ్చిన చక్రం మడ్‌గార్డుకు తగలడంతో ఊరుకోదు. హబ్బు బేరింగు మీద బరువు పడే చోటు కూడా జరుగుతుంది, గుంత తగిలినప్పుడు స్టీరింగు చేతిలోంచి లాక్కోవడం ఎక్కువవుతుంది. అదే అంకె మరీ పెరిగితే చక్రం లోపలికి పోయి షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటుంది. రెండు వైపులా గోడలే.

రంధ్రాల సంగతి త్వరగా చెప్పేస్తాను. స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. పాత ఫియట్ పాలియోకూ నాలుగే, కానీ వృత్తం 98. కళ్లతో చూస్తే తేడా తెలియదు, బిగిస్తే ఎక్కినట్టే ఉంటుంది. నట్టు మాత్రం దాని గుంటలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. అలాంటిది ఎవరైనా ‘కొంచెం గట్టిగా టైట్ చేస్తే సరిపోద్ది’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నడిమి రంధ్రం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను మూడు నెలలు తిప్పింది. కొత్త చక్రాలతో హైదరాబాద్ రోడ్డెక్కితే, రఘునాథపల్లి దాటి జనగామ వైపు 85, 90 దగ్గరికి రాగానే స్టీరింగు సన్నగా వణికేది. వంద దాటితే మళ్లీ తగ్గేది. బ్యాలెన్సింగ్ చేయించాను. సీసం ముక్కలు అతికించి పంపారు. మళ్లీ వణుకు. ఇంకో చోట చేయించాను, ఇంకొన్ని ముక్కలు. మూడోసారి అలైన్‌మెంట్ కూడా. నాలుగో చోట ఒక ముసలి మెకానిక్ చక్రం విప్పి, హబ్బు మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం మీద వేలు పెట్టి చూపించాడు. అది 54.1 మిల్లీమీటర్లు. నా అలాయ్ నడిమి రంధ్రం 73.1. ఒకే చక్రం పది రకాల బండ్లకు అమ్మాలి కాబట్టి పెద్ద రంధ్రం చేస్తారట. కంపెనీ చక్రం ఆ హబ్బు మీద గాజు తొడిగినట్టు కూర్చుంటుంది, కాబట్టి చక్రం కేంద్రమూ ఇరుసు కేంద్రమూ ఒకటవుతాయి. నాదానికి ఆ ఆసరా లేదు, నాలుగు నట్లు ఎటు లాగితే అటు. చుట్టూ 9.5 మిల్లీమీటర్ల ఖాళీ. దానికి మందు నాలుగు ప్లాస్టిక్ రింగులు, అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. వేసిన రోజు నుంచి వణుకు లేదు. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేసినవాళ్లది తప్పనను, వాళ్ల మిషన్ మీద చక్రం సరిగానే తిరిగింది. బండి మీద తిరగలేదు, అంతే.

మన దగ్గర రోడ్ల లెక్క వేరని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. మా బామ్మర్ది ఐ20కి 17 అంగుళాలు వేసి గచ్చిబౌలిలో హాయిగా తిరుగుతున్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. పక్కగోడ పొట్టిదైతే మలుపుల్లో టైరు ఊగదు, స్టీరింగు తిప్పిన మాట వెంటనే వింటుంది. వెడల్పు టైరుకు పొడి రోడ్డు మీద పట్టు ఎక్కువ. నాకూ ఆ పదహారులతో నేషనల్ హైవే మీద ఆ సుఖం తెలిసింది, అబద్ధమెందుకు. కానీ వాడి రోడ్డు మీద వడ్లు ఆరబోయరు. మా వైపు కోతలయ్యాక రోడ్డులో సగం వడ్ల కుప్పలే, కుప్ప చుట్టూ బండరాళ్లు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు ఒకటో రెండో మిగిలిపోతాయి. పరకాల నుంచి రాత్రి పూట వస్తూ అలాంటి ఒక రాయిని ఎక్కించాను. టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బింది, రిమ్ము అంచు వంగింది. పాత ఇనుప చక్రమైతే సుత్తితో కొట్టి సరిచేసేవాళ్లు. పోత పోసిన అలాయ్‌ను అలా కొడితే పగులుతుంది.

ఆ రాత్రే ఇంకో పాఠం. స్టెప్నీ పాత ఇనుప చక్రమే కదా అని ధైర్యంగా జాకీ ఎత్తాను. అలాయ్‌లకు షాపువాళ్లు వేరే పొడవాటి నట్లు ఇచ్చారు, అవి ఇనుప చక్రంలో సరిగ్గా కూర్చోవు. పాత నట్లు ఇంట్లో అటక మీద ఒక స్వీటు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఒక ఆటో ఆయన పుణ్యమా అని గంటన్నర తర్వాత పాత నట్లు దొరికాయి. ఏ చక్రాలు మార్చినా, పాత నట్లు నాలుగు స్టెప్నీ గుంటలోనే పడేసి ఉంచండి.

టైరు మీద ఆ సైజు పక్కన 85టీ, 88హెచ్ అని ఇంకో అంకె, ఇంకో అక్షరం ఉంటాయి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు, 88 అంటే 560. అక్షరం వేగానిది: టీ అంటే గంటకు 190, హెచ్ అంటే 210. పొట్టి గోడల టైర్లలో ఈ బరువు అంకె తగ్గిపోతూ ఉంటుంది, 205/45 ఆర్17లో 84 రకం ఉంది, అంటే 500. కంపెనీ ఇచ్చిన అంకె కంటే కిందికి దిగొద్దు, 58 కిలోల బెల్లం మీ డిక్కీలోకీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇక చట్టం సంగతి: 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. మన ఊళ్లో చక్రాల కోసం ఎవరూ ఆపరు గానీ, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌కు సర్వేయరు వచ్చి టైరు సైజు రాసుకున్నప్పుడు టెన్షన్ పడేది మనమే.

అందుకే నా వాదన చాలా చప్పగా ఉంటుంది. మీ బండి మోడల్‌లోనే పై వేరియంటుకు కంపెనీ ఏ సైజు ఇచ్చిందో అదే వేసుకోండి. లెక్కలన్నీ వాళ్లే చేసి పెట్టారు: ఎత్తు, ఆఫ్‌సెట్, నడిమి రంధ్రం, గాలి ఎంత కొట్టాలో కూడా. అక్కడితో అందం చాలదనిపిస్తే రంగు మార్చండి. అంతకు మించి పోతే ప్రతి మిల్లీమీటరుకూ లెక్క మీరే చెప్పుకోవాలి, షాపువాడు చెప్పడు.

పదహారులు సగం ధరకు కూడా పోలేదు. ఎవరో పై వేరియంటు బండి కొని, దాని కంపెనీ అలాయ్‌లు తీసేసి అమ్ముతుంటే ఆ 15 అంగుళాలవి కొన్నాను. వాటికి 185/65 కొత్త టైర్లు. బిగించింది వేరే షాపు. జాకీ దించమన్నాను. ఆ షాపు కుర్రాళ్లు నలుగురిని బండిలో ఎక్కమన్నాను, డిక్కీలో పాత టైర్లు నాలుగూ వేయించాను. నేను కూర్చుని స్టీరింగు అటు చివరికి, ఇటు చివరికి తిప్పాను. గేటు దగ్గరి మెట్టు మీదికి వెనక చక్రం ఒకటి ఎక్కించి ఆపాను. ఓనరు కౌంటర్ వెనక నుంచి చూసి నవ్వుతున్నాడు. "సార్, ఇంత టెస్టు ఆర్టీవో గూడ చెయ్యడు."

"లోపల వేలు పెట్టి చూడు తమ్మీ, ఎంత జాగా ఉంది?" అని కిందున్న పిల్లవాణ్ని అడిగాను.

వాడు మడ్‌గార్డు కిందికి చెయ్యి దూర్చాడు. "రెండేళ్లు పడుతున్నయ్ సార్."